పొత్తిగుడ్డలు

డిసెంబర్ 17, బుధవారం. బ్రౌన్‌ష్వైగ్

ఈ ఊళ్లో నాలుగు గంటలు దాటగానే చీకటి. పాపను బడి నుంచి తీసుకుని బజారు మీదుగా నడిచి వచ్చాను. పెద్ద చర్చి చుట్టూ క్రిస్మస్ కొట్లు వెలిగిపోతున్నాయి. పంచదార పాకంలో బాదం పప్పులు వేయిస్తున్న వాసన వీధి చివరి దాకా వస్తోంది. నాకు ఈ బజారంటే ఇష్టమే. కానీ ఇక్కడ క్రిస్మస్ రొట్టెలు సెప్టెంబర్‌లోనే దుకాణాల్లోకి వచ్చేస్తాయి. మూడు నెలలు తిని, కొని, చూసి అలసిపోయాక అసలు పండుగకు మనసులో ఎంత చోటు మిగులుతుందో అని ప్రతి ఏడూ దిగులుపడతాను.

ట్రాములో కూర్చోగానే పాప అడిగింది: "అమ్మా, యేసుబాబుకు డైపర్లు ఎవరు కొన్నారు?"

నాకు మొదట అర్థం కాలేదు. 24వ తేదీ సాయంత్రం చర్చిలో పిల్లలు వేసే నాటకంలో తను గొల్లపిల్ల. దేవదూత మాటలు కూడా విని విని దానికి కంఠతా వచ్చేశాయి. గుడ్డలతో చుట్టిన శిశువును మీరు చూస్తారని దూత గొల్లలకు చెప్పే చోట, జర్మన్ బైబిల్లో 'విండెల్న్' అని ఉంటుంది. ఆ బైబిల్‌ను జర్మన్‌లోకి అనువదించిన లూథర్ కాలంలో అది పసిబిడ్డను చుట్టే గుడ్డ. ఇప్పుడు ఆ మాటకు ఇక్కడి పిల్లలకు తెలిసిన అర్థం డైపరే. ఏడేళ్ల పిల్ల అడిగినదాంట్లో తప్పేమీ లేదు.

"మన బైబిల్లో పొత్తిగుడ్డలు అని ఉంటుంది" అన్నాను. "అంటే?" అంది. చెప్పబోయి ఆగిపోయాను. చెబితే అర్థమయ్యే మాట కాదది, చేత్తో తాకాలి.

ఇంటికి రాగానే బీరువా అడుగు నుంచి మూట తీశాను. పాప పుట్టినప్పుడు అమ్మ గుంటూరు నుంచి తెచ్చినవి. మా అమ్మమ్మ కట్టి కట్టి నలిగిన నేతచీరలను చింపి, వేడినీళ్లలో ఉడికించి, ఎండలో ఆరబెట్టి, మడతలు పెట్టి తెచ్చింది. కొత్త గుడ్డ పసివాళ్ల ఒంటికి గరుకుగా ఉంటుందని అమ్మ ఒప్పుకోలేదు. ఆస్పత్రిలో నర్సు వాటిని చూసి చాలా మెత్తగా ఉన్నాయని చెంపకు ఆనించుకుంది. అన్నీ చిరిగిపోగా ఒక్కటే మిగిలింది. తెల్లటి గుడ్డ, ఒక అంచున వెలిసిపోయిన ఎర్ర చార. పాప దాన్ని రెండు చేతులతో పట్టుకుని, "ఇందులోనా నన్ను చుట్టారు?" అంది. అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మరి మరియమ్మకు ఇవి ఎవరు తెచ్చారు? వాళ్ల అమ్మ ఊళ్లో లేదుగా" అంది.

ఇన్నేళ్లుగా చదువుతున్నాను, నాకెప్పుడూ ఆ సంగతి తోచలేదు. నజరేతు నుంచి బేత్లెహేము దాకా నిండు గర్భిణి చేసిన ప్రయాణం. పురుడు పోయడానికి అమ్మ పక్కన ఉన్నట్టు లేఖనం ఎక్కడా చెప్పదు. నా పురిటికి మా అమ్మ విమానం ఎక్కి రాగలిగింది.

క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాలకు ఆదివారానికొకటి చొప్పున వెలిగించే ఆకుల చక్రం బల్ల మీద ఉంది. అందులో మూడు కొవ్వొత్తులు వెలిగించాం. వచ్చే ఆదివారం నాలుగోది. ఈ ఆచారం 1839లో హాంబర్గ్‌లో మొదలైందని ఇక్కడి చర్చిలో ఒక పెద్దావిడ చెప్పింది. వీహెర్న్ అనే పాస్టరు నడిపిన అనాథ పిల్లల ఆశ్రమంలో, క్రిస్మస్ ఇంకా ఎన్ని రోజులని పిల్లలు రోజూ అడుగుతుంటే ఆయన పాత బండిచక్రం ఒకటి తెచ్చి, రోజుకొకటి వెలిగించడానికి దాని మీద కొవ్వొత్తులు నిలిపాడట. బండిచక్రం అన్న మాట వినగానే ఈ ఆచారం నాకు పరాయిది కాకుండా పోయింది. ఆ వెలుగులో రోజూ పది నిమిషాలు తెలుగు బైబిల్ చదువుకుంటాం. ఎన్ని పనులున్నా ఈ పది నిమిషాలు వదలం.

గుంటూరు వాళ్లకు ఫాదర్ హయ్యర్ పేరు తెలియనిది కాదు. 1842 జూలై 31న మా ఊరు చేరిన ఆ మిషనరీ పుట్టింది ఇక్కడికి రైల్లో అరగంట దూరంలో ఉన్న హెల్మ్‌స్టెడ్‌లోనే. చిన్న వయసులోనే అమెరికా వెళ్లి, నలభై తొమ్మిదో ఏట గుంటూరు వచ్చాడు. పోయిన నెల ఆ ఊరు చూసి వచ్చినప్పటి నుంచి ఒకటే ఆలోచన. గుంటూరులో ఆయన మొదటి క్రిస్మస్ ఎలా గడిచి ఉంటుంది? మంచు లేదు, దేవదారు చెట్టు లేదు, చుట్టూ వినబడే భాష కొత్త. ఆయన దగ్గర మిగిలిందల్లా ఆ తొట్టి, ఆ బిడ్డ. దాన్నే మా పెద్దలకు ఇచ్చాడు.

శనివారం హానోవర్‌లో తెలుగు కుటుంబాల సెమీ క్రిస్మస్. మూడు రోజులుగా గ్రూపులో మటన్ ఎన్ని కిలోలు, ఫోటోల వెనుక ఏ రంగు తెర అన్న మాటలే. అవీ కావలసినవే, ఆకలితో వచ్చే పిల్లలున్నారు. కానీ లూకా రెండో అధ్యాయం ఎవరు చదువుతారని ఒక్కరూ అడగలేదు. ఈ సాయంత్రం నేనే రాశాను: పిల్లలు చదవాలి, తెలుగులో, తలా ఒక వచనం. లిపి రాని పిల్లలకు తల్లిదండ్రులు నోటితో నేర్పాలి. తడబడతారేమో అని ఒకరు సందేహించారు. తడబడనివ్వండి అన్నాను. పొత్తిగుడ్డలు అన్న మాట వాళ్ల నోట ఒక్కసారైనా పలకాలి.

ఆరున్నరకు అమ్మ ఫోన్. అక్కడ రాత్రి పదకొండు. "పడుకోలేదా అమ్మా?" అంటే, "క్యారల్స్ వాళ్లు మన వీధిలోకి వచ్చారు తల్లీ, వినండి" అని ఫోను గుమ్మం దగ్గర పట్టుకుంది. కంజీర, తాళాలు, ఎవరి ఇంటి కుక్కో అరుపు, పాటలో శ్రుతి దాటిన ఒక ముసలి గొంతు. పాటయ్యాక పెద్దాయన ప్రార్థన చేశారు. "దూరదేశంలో ఉన్న ఈ ఇంటి బిడ్డలను కాపాడు ప్రభువా" అనగానే ఇక్కడ కొవ్వొత్తుల ముందు మేం ముగ్గురం తల వంచాం. పాప ఆమెన్ గట్టిగా అంది. అక్కడ వాళ్లకు వినబడి నవ్వారు. అమ్మ కజ్జికాయల డబ్బా మూత తీస్తున్న చప్పుడు వినిపించింది.

పడుకునే ముందు పాప ఆ గుడ్డను మడత పెట్టి తెచ్చింది. నాటకంలో బొమ్మను తువ్వాలులో చుడుతున్నారట, తువ్వాలు గరుకుగా ఉందట. రేపు రిహార్సల్‌కు ఇది పట్టుకెళ్తానంది. పోతుందేమోనని ఒక్క క్షణం మనసు వెనకాడింది. ఎర్ర చార లోపలికి వచ్చేలా మళ్లీ మడిచి, పుస్తకాల సంచిలో పెట్టాను.