రాత్రిపూట నడిచే కంప్యూటరు

ఒకప్పుడు మా ఇంట్లో కంప్యూటరు తెల్లవార్లూ నడిచేది. అప్పటి బీఎస్ఎన్ఎల్ హోమ్ 500 ప్లానులో రాత్రి 2 గంటల నుంచి ఉదయం 8 గంటల వరకు డౌన్‌లోడుకు లెక్క ఉండేది కాదు కాబట్టి, పెద్ద ఫైళ్లన్నింటినీ ఆ వేళకు అమర్చి, మానిటరును మాత్రం ఆపి పడుకునేవాణ్ణి. హాల్లో పడుకునే అమ్మమ్మ ఆ ఫ్యాను హోరుకు విసిగి, "ఆ పెట్టెకు నిద్ర ఉండదట్రా?" అని అడిగేది. ఆ ప్లాను అవసరం ఎప్పుడో తీరిపోయినా, అలవాటు మాత్రం చాలా ఏళ్లు నాతోనే ఉండిపోయింది.

దానికి నేను చెప్పుకున్న సాకు, మాటిమాటికీ ఆపి, మళ్లీ వేస్తే యంత్రం పాడవుతుందన్నది. ఇది పూర్తిగా అబద్ధం కాదు. వేడెక్కి చల్లారినప్పుడల్లా బోర్డు మీది టంకపు అతుకులు వ్యాకోచించి సంకోచిస్తాయి, హార్డ్ డిస్కు మోటారుకు తిరగడం మొదలుపెట్టే క్షణంలోనే ఎక్కువ కరెంటు కావాలి. అయితే మామూలు డెస్క్‌టాప్ హార్డ్ డిస్కులను 50,000 సార్లు ఆపి, మళ్లీ వేసినా తట్టుకునేలా తయారుచేసేవారు. రోజుకు మూడుసార్లు చొప్పున లెక్కించినా అది 45 ఏళ్ల మాట. హార్డ్ డిస్కుకు బదులుగా వచ్చిన ఎస్ఎస్‌డీలో అసలు తిరిగే భాగమే లేదు. మరోవైపు, ఆపకుండా నడిపితే ఫ్యాన్లు దుమ్మును లోపలికి లాగుతూనే ఉంటాయి, బోర్డు మీద కరెంటును కాసేపు నిలవచేసే కెపాసిటర్లు వేడికి ఎండిపోతూ ఉంటాయి. మే నెలలో విజయవాడ గదిలో ఆ వేడి ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు.

నా సాకును చివరికి తీసేసింది ప్లగ్గుకు తగిలించే చిన్న మీటరు. పని లేకుండా ఊరికే నడుస్తున్నప్పుడు నా డెస్క్‌టాప్, మానిటరు కాకుండానే, 55 వాట్లు తీసుకుంటోంది. నేను దాన్ని ముట్టుకోని 18 గంటలకు అది రోజుకు ఒక యూనిట్, అంటే నెలకు 30 యూనిట్లు. బిల్లులో స్లాబు మారే అంచున ఉన్న ఇంటికి ఆ ముప్పై చిన్న సంఖ్య కాదు. అదే 18 గంటలు స్లీప్‌లో, అంటే తెరిచిన పనులు అలాగే ఉండగా యంత్రం కునుకు తీసే స్థితిలో, ఉంచితే 2 వాట్ల చొప్పున నెలంతటికీ ఒక యూనిట్ దాటి ఏమంత కాలేదు.

స్లీప్‌లో, చేస్తున్న పనిని తాత్కాలికంగా పట్టి ఉంచే ర్యాముకు కరెంటు అందుతూ ఉండాలి. కరెంటు పోయి, యూపీఎస్ బ్యాటరీ కూడా దిగిపోతే, సేవ్ చేయని పని పోయే ప్రమాదం ఉంది. హైబర్నేట్ ఆ పనినంతటినీ డిస్కులో రాసి పూర్తిగా ఆగిపోతుంది. అందువల్ల పగలు భోజనానికి లేచినప్పుడు స్లీప్, రాత్రికి హైబర్నేట్ అన్నది నా పద్ధతి.

షట్‌డౌన్ సంగతి వేరు. ప్రతి రాత్రీ షట్‌డౌన్ చేస్తున్న తమ్ముడి కంప్యూటరు నత్తనడక నడుస్తోందంటే టాస్క్ మేనేజరు తెరిచి చూశాను; అది 23 రోజులుగా ఆగకుండా నడుస్తున్నట్లు అందులో ఉంది. వాడు నేను వాడిని అనుమానిస్తున్నానని చిన్నబుచ్చుకున్నాడు గాని, తప్పు వాడిది కాదు. విండోస్ 8 నుంచి ఉన్న ఫాస్ట్ స్టార్టప్ అనే సదుపాయం, మనం షట్‌డౌన్ నొక్కినప్పుడు మన ప్రోగ్రాములను మూసివేసి, విండోస్ మూలభాగమైన కెర్నెల్‌ను మాత్రం డిస్కులో దాచి, మర్నాడు దాన్నే తిరిగి లేపుతుంది. అన్నీ మొదటి నుంచి మొదలు కావాలంటే నొక్కవలసింది రీస్టార్ట్. వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఆ ఒక్క రీస్టార్టుతో వాడి కంప్యూటరు కుదుటపడింది.

ఉరుములు వినబడినప్పుడు మాత్రం ఈ తేడాలేవీ నేను చూడను. గోడ ప్లగ్గును, దానితోపాటు ఇంటర్నెట్ కేబులును కూడా పీకేస్తాను. పక్కింటివారు ఒక వానాకాలంలో ప్లగ్గు తీసి కేబులును మరచిపోయారు. వారి మదర్‌బోర్డులో ఆ కేబులు గుచ్చే పోర్టు ఆ రాత్రే కాలిపోయింది.