ఎనిమిది కాళ్ళ చీమ

సంక్రాంతి సెలవులకి అక్కావాళ్ళు హైదరాబాద్ నుంచి వస్తే అందరం కలిసి మారేడుమిల్లి వెళ్ళాం. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు. గోకవరం దాటి, రంపచోడవరంలో టీ తాగి, పదింటికల్లా చేరిపోయాం. వాళ్ళ మనసంతా జలతరంగిణి జలపాతం మీద, బొంగు చికెన్ మీద ఉంది. నాది ఈగపులుల మీద.

ఈగపులి అంటే గెంతే సాలీడు. గూడు అల్లుకుని అందులో ఏదో ఒకటి పడేదాకా కూర్చునే రకం కాదు. పొంచి పొంచి వెళ్ళి ఒక్క గెంతులో పట్టేస్తుంది. ప్రపంచంలో వీటి జాతులు ఆరు వేలకు పైనే, సాలీళ్ళలో ఇంతకన్నా పెద్ద కుటుంబం లేదు. నాలుగేళ్ళుగా వీటి వెంట తిరుగుతున్నాను. పదింతలు చేసి చూపించే చిన్న భూతద్దం, ఫోన్‌కి తగిలించే మాక్రో లెన్స్, ఒక నోటుపుస్తకం, ఇవే నా సరంజామా.

చింతూరు వైపు ఘాట్ రోడ్డు పక్కన కాసేపు నడిచాం. వెదురు పొద నీడలో ఒక వెడల్పాటి ఆకు మీద మొదటిది దొరికింది. లేత పసుపు ఒళ్ళు, పొట్ట మీద పొడుగునా రెండు ఎర్రగీతలు, తెల్లటి తల, కళ్ళ చుట్టూ ఎర్రటి వలయాలు. టెలమోనియా డిమిడియాటా, ఆడది. పొడవు ఒక సెంటీమీటరు ఉంటుంది. పక్కనే దీని మగది ఉంటే మాత్రం వేరే జాతి అని పొరబడతాం. అది బాగా నల్లగా, తెల్ల మచ్చలతో ఉంటుంది. అందుకే రంగు చూసి పేరు పెట్టేయకూడదు, ముందు కళ్ళు చూడాలి. మొహం మీద వరసగా నాలుగు, వాటిలో నడిమి రెండూ కారు హెడ్‌లైట్లంత పెద్దవి. మిగతా నాలుగూ తల మీద వెనక్కి సర్దుకుని ఉంటాయి. ఈ అమరిక కనబడిందా, అది గెంతే సాలీడే.

పదేళ్ళ మేనకోడలికి భూతద్దం ఇచ్చాను. కాసేపు ఊపిరి బిగబట్టి చూసి, "మావయ్యా, దాని కన్ను రంగు మారింది!" అంది. నిజమే. ఆ పెద్ద కళ్ళ కటకాలు కదలవు, లోపలి రెటీనా కదులుతుంది. అది మనవైపు తిరిగినప్పుడు కన్ను నల్లగా, పక్కకి జరిగినప్పుడు తేనె రంగులో కనిపిస్తుంది. నేను ఈ సంగతి పుస్తకాల్లో చదువుకున్నాను. పిల్ల తనంతట తనే పట్టేసింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరూ నడుం వాల్చారు. మేమిద్దరం దగ్గరలోని జీడితోటలోకి వెళ్ళాం. పూత అప్పుడప్పుడే మొదలైంది. ఒక చెట్టు నిండా ఎర్రచీమలు, ఆకులు దగ్గరికి లాగి పట్టుతో కుట్టిన గూళ్ళు. జీడికి టీ దోమ బెడద ఎక్కువ, ఈ చీమలు ఆ పురుగుని వేటాడతాయి. నన్నూ వదల్లేదు. కొమ్మ పట్టుకున్నానో లేదో మోచేతి మీద రెండు కరిచాయి. కరిచి ఆ చోట ఆమ్లం చిమ్ముతాయి, కాసేపు భగ్గుమంది.

నేను చెయ్యి రుద్దుకుంటుంటే మేనకోడలు, "మావయ్యా, ఈ చీమ ఇంకో చీమని మోసుకెళ్తోంది. కానీ దీనికి ఎనిమిది కాళ్ళున్నాయి," అంది.

నాకు గుండె ఝల్లుమంది. నాలుగేళ్ళుగా ఎన్ని చెట్ల కింద వెతికానో.

చీమ రంగే, చీమ నడకే. తలకీ ఒంటికీ మధ్య నొక్కు, సన్నటి నడుము. ముందు కాళ్ళు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తోంది. తలకి రెండు పక్కలా చీమ కళ్ళలాంటి నల్ల మచ్చలు. మొహానికి ఎదురుగా లెన్స్ పెడితే అసలు కళ్ళు బయటపడ్డాయి, నడిమి రెండూ పెద్దవి. మోసుకెళ్తున్నట్టు కనబడిన రెండో చీమ నిజానికి దాని దవడలే. మగదానికి అవి అంత పొడుగ్గా ముందుకి సాగుతాయి. ఆడదానికి సాగవు, అందుకే ఆడది ఒంటరి చీమలా కనిపిస్తుంది. ఆకు అంచుని వేలితో మెల్లగా తట్టాను. పట్టుదారం మీద జర్రున కిందికి జారి, గాలిలో వేలాడింది. ఏ చీమా అలా వేలాడదు. మిర్మాప్లాటా ప్లాటలియోయిడెస్, ఎర్రచీమ వేషం వేసే ఈగపులి. 1869లోనే శాస్త్రజ్ఞులు వర్ణించిన జాతి.

మొహం, పైభాగం, పక్క, మూడు వైపులా ఫోటోలు తీశాను. చాలా గెంతే సాలీళ్ళకి ఇవి కూడా సరిపోవు. మగదైతే నోటి పక్క చిన్న చేతుల్లాంటి పాల్పులు, ఆడదైతే పొట్ట అడుగున ఉండే జననాంగం మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే గానీ జాతి తేలదు. అందుకోసం ప్రాణం తీయడం నాకు ఇష్టం లేదు. నా పుస్తకంలో సగం పేజీల్లో జాతి పేరు ఖాళీగానే ఉంటుంది. ఈ పేజీలో మాత్రం ఆనవాళ్ళన్నీ కుదిరాయి, చుట్టూ ఉన్న చీమలతో సహా.

అది దారం పట్టుకుని మళ్ళీ పైకెక్కింది. అంతగా చీమ వేషం వేసినా చీమలకి మాత్రం దగ్గరగా పోవడం లేదు. ఎదురుగా ఒకటి వస్తే చటుక్కున ఆకు వెనక్కి తప్పుకుంటోంది. మేనకోడలు అలా ఎన్నిసార్లు తప్పుకుందో లెక్కపెడుతోంది. పదకొండు దాకా వచ్చేసరికి అక్క ఫోన్ చేసింది, జలపాతానికి వెళ్దాం రమ్మని.

"ఇంకొంచెంసేపు మావయ్యా," అంది పిల్ల, చూపు తిప్పకుండానే.