ఆత్రేయ డైరెక్షన్ కూడా చేశారా!

నిన్న రాత్రి నాన్నతో కూర్చుని 'వాగ్దానం' చూశాను. 1961 నాటి సినిమా. టైటిల్స్‌లో దర్శకత్వం ఆత్రేయ అని పడగానే ఆశ్చర్యపోయాను. 'మనసు కవి' అంటే నాకు పాటలే గుర్తొస్తాయి మరి.

"నాటకాలే ముందురా ఆయనకి" అంటూ నాన్న మొదలెట్టారు, ఇక సినిమా పాజ్‌లోనే. అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేట దగ్గర మంగళంపాడు ఊరు. అసలు పేరు కిళాంబి వెంకట నరసింహాచార్యులు. చాలీచాలని జీతంతో ఇల్లు నెట్టుకొచ్చే గుమాస్తా కథతో 'ఎన్.జి.ఓ.' (నాన్ గెజిటెడ్ ఆఫీసర్) నాటకం రాసి పేరు తెచ్చుకున్నారు. 1951లో 'దీక్ష'తో సినిమా పాటల్లోకి వచ్చారు. మాటలు కూడా రాశారు.

నాకు బాగా నచ్చింది మాత్రం వేరే సంగతి. డైరెక్టర్ తనే కదా, పాటలన్నీ తనే రాసుకోవచ్చు. కానీ సీతాకళ్యాణం హరికథ శ్రీశ్రీ చేత రాయించారు, 'నా కంటిపాపలో' దాశరథి చేత. ఆ హరికథ ఉంది చూశారూ... ఘంటసాల గొంతు, రేలంగి అభినయం! మధ్యమధ్య పిట్టకథలు, చమత్కారాలు, అంతలోనే పద్యం. మహాప్రస్థానం కవి రాముడి పెళ్లి ఇంత ముచ్చటగా చెప్పారా అని వెనక్కి జరిపి మళ్లీ విన్నాం.

ఆత్రేయ రాసి ప్రేక్షకుల్నీ, రాయక నిర్మాతల్నీ ఏడిపిస్తారని ఇండస్ట్రీలో జోకు. డైరెక్షన్ అంటే పొద్దున్నే టైముకి సెట్‌లో ఉండాలి కదా, ఆ టెన్షన్ మనకెందుకని ఆ తర్వాత అటువైపు వెళ్లలేదేమోనని నా డౌటు.

'ఎన్.జి.ఓ.' పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి. చదివి జాగ్రత్తగా తిరిగిచ్చేస్తా.