మంచాన పడితేనే బీమా

ఇంట్లో పెద్దవాళ్లకి ఇన్సూరెన్స్ ఉందా అంటే ఉందనే చెప్తాం, కానీ నెలనెలా మందుల షాపుకి కట్టేది మాత్రం మన జేబులోంచే. మా అమ్మకి షుగరు, బీపీ, థైరాయిడ్. విజయనగరం మూడు లాంతర్ల వైపు ఏ మెడికల్ షాపు ముందైనా కాసేపు నిలబడి చూడండి, చీటీలో నెలకి రాసినా ముసలివాళ్లు "పది రోజులకే ఇయ్యి బాబూ" అంటారు, షాపతను కత్తెరతో షీటు కత్తిరించి ఇస్తాడు, ఆ ముక్క మీద ఒక్కోసారి ఎక్స్‌పైరీ తేదీ కూడా మిగలదు.

అమెరికాలో ఉండే మా మావయ్య ఈమధ్య వచ్చినప్పుడు అమ్మ పాలసీ కాగితాలు చూసి "ఏటే, మాత్రలకి పైసా ఇవ్వరేటి?" అన్నారు. "మంచాన పడితేనే ఇస్తారన్నయ్యా" అంది అమ్మ.

అక్కడ 65 దాటినవాళ్లకి మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా ఉంటుంది. దాన్నే ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునే మెడికేర్ అడ్వాంటేజ్‌లో చాలా ప్లాన్లు ఆస్పత్రి, డాక్టరు, మందులు అన్నీ కలిపి ఇస్తాయి. మందుల కవరేజీ 2006లో మొదలైంది. ప్లాను జాబితాలో ఉన్న మందులకి ఏడాదిలో చేతి నుంచి పెట్టేది 2025లో 2,000 డాలర్లు, 2026లో 2,100 డాలర్లు దాటదు. అలాగని అదేదో స్వర్గం కాదు, ఆ జాబితా ఏటా మారొచ్చు, అందుకే మావయ్య ఏటా ప్లాను మార్చుకోవడానికి వీలుండే అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 లోపు కూర్చుని తన మాత్రలు కొత్త జాబితాలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ చూసుకుంటారు. ఇక్కడి షాపులో కొంటే ఆ బీమా పనిచేయదు, మాత్రలన్నీ సూట్‌కేసులోనే మోసుకొచ్చారు.

మన సంగతి వేరు. 70 దాటితే ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024లో వచ్చింది, మంచిదే, కానీ అదీ ఆస్పత్రిలో చేరితేనే. డిశ్చార్జి తర్వాత మందులు 15 రోజుల వరకు. ప్రైవేటు పాలసీల్లో ఇది ఎక్కువ, ఉదాహరణకి ఆరోగ్య సంజీవనిలో చేరడానికి ముందు 30 రోజులు, తర్వాత 60 రోజుల ఖర్చులు అదే జబ్బుకి సంబంధించినవైతే ఇస్తారు. చాలామంది వదిలేసుకునేది ఇక్కడే! ఇంటికొచ్చాక కొన్న మందులకి బిల్లు అడగరు, చీటీ ఎక్కడో పడేస్తారు, ఇంకేం క్లెయిమ్ చేస్తారు? డిశ్చార్జి కాగితాలతో పాటే ఒక కవరు పెట్టి బిల్లులన్నీ అందులో వేస్తూ ఉండండి, బిల్లు మీద పేషెంటు పేరు ఉండేలా చూసుకోండి.

రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రలైతే పీహెచ్‌సీలో ఉచితంగా ఇస్తారు. లేదంటే జనౌషధి షాపు, డాక్టరుని అడిగి జెనరిక్ పేరు, అంటే బ్రాండు కాకుండా మందు అసలు పేరు రాయించుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

ఆస్పత్రిలో చేరకుండా డాక్టరుకి చూపించుకునే ఓపీ ఖర్చులు, మందులు కలిపి ఇచ్చే పాలసీలూ అమ్ముతున్నారు. అదనంగా కట్టే ప్రీమియం, వాళ్లు ఏడాదికి ఇచ్చే పరిమితి పక్కపక్కన రాసి చూశాను, అమ్మకి తీసుకోలేదు. ఆ డబ్బు మందులకే తీసి పెడుతున్నాను.