పేరు పెట్టి అడిగే దేవుడు

మన ఉజ్జీవ కూటాల్లో ఆఖరి రాత్రి సందేశం చాలాసార్లు సమర్పణ గురించే ఉంటుంది. ప్రసంగం ముగిసి, పాట మెల్లగా సాగుతుండగా, తమను సంపూర్ణంగా ప్రభువుకు అప్పగించుకోవాలనుకునేవారు లేచి నిలబడమంటారు. పందిరిలో సగం మంది లేస్తారు, వారిలో చాలామంది కన్నీళ్లతోనే లేస్తారు. ఆ కన్నీళ్లు నటన అని నేను అనను. అయితే "నా సమస్తం నీదే ప్రభువా" అని చెప్పడం మనకు అంత సులువుగా ఎందుకు వస్తుందా అని ఆలోచిస్తే, ఆ మాటలో ఫలానాది అని దేని పేరూ ఉండదు గనుకనే అనిపిస్తుంది.

దేవుడు మాత్రం పేరు పెట్టి అడుగుతాడు. ఆదికాండము 22వ అధ్యాయంలో అబ్రాహామును ఆయన "నీకున్నదంతా ఇవ్వు" అనలేదు. "నీకు ఒక్కడైయున్న నీ కుమారుని, అనగా నీవు ప్రేమించు ఇస్సాకును" అన్నాడు. చిన్నప్పటి నుండి ఆజ్ఞలన్నీ పాటించిన ఆస్తిపరుణ్ణి యేసు అడిగింది కూడా అతనిలో కొదువగా ఉన్న ఆ ఒక్కటే: ఉన్నదంతా అమ్మి బీదలకిచ్చి తనను వెంబడించమన్నాడు. అలా అడగడానికి ముందు ఆయన అతనిని చూసి ప్రేమించాడని మార్కు తన సువార్తలో రాశాడు. ఈ భాగం మీద ప్రసంగించేటప్పుడు మనం ఆ మాటను ఎందుకో త్వరగా దాటేస్తాం.

మనకు దగ్గరి కాలంలో దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ సహోదరుడు భక్త్ సింగ్ గారి జీవితం. పంజాబులో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టి, ఇంజనీరింగ్ చదువు కోసం ఇంగ్లండుకు, అక్కడి నుండి కెనడాకు వెళ్లిన ఆయన 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొందారు. సేవకు పిలుపు వచ్చినప్పుడు ఆయన మొదట బేరమాడారు: ఇంజనీరుగా తాను సంపాదించేది దేవుని పనికి ఇస్తానన్నారు. దేవునికి కావలసింది తన డబ్బు కాదని, తానేనని ఆయనకు అర్థమైంది. ఆ తరువాత ఆయన సాక్ష్యంలో దేవుడు తనకు పెట్టిన మూడు షరతులు కనిపిస్తాయి. పంజాబులో ఉన్న పిత్రార్జితం మీద హక్కు వదులుకోవాలి. ఏ సంస్థలోనూ చేరకుండా అందరికీ సమానంగా సేవ చేయాలి. తన ప్రణాళికలు తాను వేసుకోకుండా దినదినం దేవుని నడిపింపు కోసం కనిపెట్టుకోవాలి. ఆస్తి, అండ, రేపటి రోజు, ఈ మూడింటిలో ఏదీ గాలిలో చెప్పిన మాట కాదు. 1933లో ఆయన బొంబాయిలో దిగినప్పుడు, కుటుంబ గౌరవం కోసం విశ్వాసాన్ని రహస్యంగా ఉంచుకోమని తల్లిదండ్రులు కోరితే, ఆయన ఒప్పుకోలేక ఒంటరిగా మిగిలిపోయారు. హైదరాబాదులో గోల్కొండ చౌరస్తా దగ్గర, ఆయన సేవకు కేంద్రమైన హెబ్రోను అనే ప్రార్థనా స్థలం ఆ తరువాతి కథ. 2000 సెప్టెంబరులో ఆయన ఇదే నగరంలో ప్రభువునందు నిద్రించారు.

హెబ్రోను పరిశుద్ధ సమాజ కూడికల్లో వేలమంది చాపల మీద ఒకే వరుసలో కూర్చుని ప్రేమవిందు, అంటే సహపంక్తి భోజనం, తినేవారు. అక్కడ పక్కవాడి కులం ఎవరూ అడగరు. అదే వరుసలో తిన్న మనం పిల్లల పెళ్లిమాటల దగ్గరికి వచ్చేసరికి ఏం చేస్తున్నామన్నదే నా బాధ. ఆమధ్య ఒక విశ్వాసుల ఇంట్లో సంబంధం మాట్లాడుకుంటుంటే నేనూ వెళ్లాను. మొదట ఒక పెద్దాయన చక్కగా ప్రార్థించి, జతపరచువాడు దేవుడేనని సాక్ష్యమిచ్చారు. టీ గ్లాసులు ఖాళీ కాకముందే "మీరు మొదట్లో ఏమిట్లు?" అన్న ప్రశ్న వచ్చింది. తరువాత ఒక డైరీ తెరుచుకుంది. అందులో బంగారం ఎన్ని కాసులు, ఊళ్లో స్థలం ఎవరి పేరున, పెళ్లి ఖర్చు ఎవరిది అన్నీ వరుసగా రాసుకున్నారు. కట్నం అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు, "మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది" అన్నారు. చివర్లో మళ్లీ ప్రార్థన. పొలమంతా రాసిచ్చి, గట్టు మీది చింతచెట్టు మాత్రం నాదేనన్నట్టుంటుంది మన సమర్పణ. ఆ చెట్టు కాయలు కోసుకోవడానికి ఏడాది పొడుగునా ఆ పొలంలో తిరుగుతూనే ఉంటాం.

నిర్ణయం ముందే చేసేసుకుని దానికి దేవుని చిత్తమని పేరు పెట్టడం కూడా సమర్పణగానే చెలామణి అవుతోంది. కొందరు ఇంకో వైపుకు వెళ్లి, అప్పగించుకున్నవాడికి ఇక సొంత కోరికే ఉండకూడదంటారు. అది వాక్యానుసారం కాదు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో యేసు సాగిలపడి, సాధ్యమైతే ఆ శ్రమల గిన్నె తన యొద్దనుండి తొలగిపోవాలని అడిగాడు, ఒక్కసారి కాదు, మూడుసార్లు ప్రార్థించాడు. కోరికను దాచకుండా తండ్రి ముందు పెట్టిన తరువాతే "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. మన ఇళ్లలో పెళ్లిమాటల ముందు చేసే ప్రార్థనలో ఆ మొదటి సగం ఉండదు. మనకు నిజంగా ఏం కావాలో దేవుని ఎదుట పైకి చెబితే, అది అప్పగించదగినదా కాదా అన్నది చెబుతుండగానే తెలిసిపోతుంది.

మా పెద్దవాడికి ఈ ఏడాదే సంబంధాలు చూడటం మొదలుపెట్టాం. కులం అడగబోమని, మా వైపు నుండి డైరీ ఉండదని, అమ్మాయి భక్తి, స్వభావం, చదువు తెలిస్తే చాలునని నేనూ నా భార్యా పెళ్లిళ్ల పేరయ్యగా తిరిగే ఒక సంఘ పెద్దకు ముందే చెప్పాం. ఆయన కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించి, "బ్రదర్, ఏమీ అనుకోకండి, అబ్బాయిలో ఏదైనా లోపముందా?" అని అడిగారు.