రాలిన ఆకు ఎన్నాళ్ళుంటుంది?

నిన్న రాత్రి కూర్చుని, అడవిలో రాలినవి పోగుచేసి తెచ్చిన 25 కవర్ల ఆకులు వేరు చేశాను. ఆకులు ఒక కుప్ప, రెండు సెంటీమీటర్ల కన్నా సన్నటి పుల్లలు ఒక కుప్ప, పూలు ఒకటి, కాయలూ గింజలూ ఒకటి, ఏమిటో పోల్చుకోలేని పొడి ఇంకొకటి. కొండ మీది అడవి నుంచి వచ్చిన కవర్లయితే నాచుకు విడిగా మరో కుప్ప. వేరు చేసినవన్నీ ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర, బరువు ఇంక తగ్గదు అనేదాకా ఆరబెట్టాలి. ఆ తర్వాతే తూకం. ఈ పని చేస్తే చేతులకు పట్టిన తడి ఆకు వాసన రెండు రోజుల దాకా పోదు. నాకది ఇష్టం.

నేను పనిచేసేవి రెండు ప్లాట్లు, అంటే కొలతల కోసం గుర్తు పెట్టుకున్న అడవి ముక్కలు, ఒక్కోటి ఒక హెక్టారు. ఒకటి సముద్రమట్టానికి 200 మీటర్ల ఎత్తులో, చదునుగా, ఉక్కగా ఉండే అడవిలో ఉంది. రెండోది 2,900 మీటర్ల దగ్గర, రోజులో సగం మబ్బులోనే మునిగి ఉండే కొండ అడవిలో. మేం వాటిని కింది ప్లాటు, పై ప్లాటు అనే అంటాం. రెండూ ఉష్ణమండలంలోనివే, పగటి పొద్దు రెండింటికీ ఒకటే, ఏడాది పొడుగునా ఆకు పచ్చగానే ఉంటుంది. పెద్ద తేడా చలి. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సుమారు ఐదారు డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఈ రెండింటి మధ్య 15 డిగ్రీల తేడా ఉంది. చలి అడవిని ఏం చేస్తుందో చూడాలంటే ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

ఏం పని చేస్తావు అని అడిగినవాళ్ళకు చెబితే, వెంటనే వచ్చే ప్రశ్న: "మరి ఆ అడవిలో ఎన్ని టన్నుల కార్బన్ ఉంటుంది?" మంచి ప్రశ్నే. కానీ అది సగం ప్రశ్న. ఎన్ని టన్నులు అన్నదానితో పాటు ఎన్నాళ్ళు అని కూడా అడగాలి. నాకది పుస్తకాల్లో చదివినప్పుడు ఎక్కలేదు. ఒక చిన్న వల సంచిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఎక్కింది.

ఆ సంచుల పని చాలా సులువైనది. ఒకే జాతి చెట్టు ఆకులు ఆరబెట్టి, పది గ్రాముల చొప్పున సన్నటి వల సంచుల్లో కుట్టి, రెండు ప్లాట్లలోనూ నేల మీద పెట్టాం. ఆరు నెలల తర్వాత కింది ప్లాటులో సంచి విప్పితే ఆకు అనేదే లేదు. ఈనెలు మిగిలాయి, అవీ చాలాచోట్ల తెగి, తెల్లటి బూజు దారాలతో ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. మధ్యలో చెదపురుగులు మోసుకొచ్చిన మట్టి. ఒక సన్నటి వేరు వల కన్నంలోంచి లోపలికి దూరి, మిగిలిన ఆ కాస్తలోంచీ తనకు కావాల్సింది లాక్కుంటోంది. అదే వారం పై ప్లాటులో సంచి విప్పాను. ఆకులు గోధుమ రంగుకు తిరిగాయి, తడిసి బరువెక్కాయి, అంతే. అంచున ఉన్న రంపపు పళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. ఆ ఆకును వెలుతురులో పెట్టి చాలాసేపు చూశాను.

కింది అడవిలో రాలిన ఆకు చాలావరకు ఏడాది లోపే కరిగిపోతుంది. అందులోని కార్బన్‌లో ఎక్కువ భాగం కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లోకి తిరిగి వెళ్ళిపోతుంది. అందుకే అంత దట్టమైన అడవిలో కూడా నేల మీద ఆకుల పొర పలచగా ఉంటుంది, కాలితో పక్కకు తోస్తే ఎర్రమట్టి కనిపిస్తుంది. పై అడవిలో నడుస్తుంటే పరుపు మీద నడిచినట్టుంటుంది. చెయ్యి పెడితే మోచేయి దాకా దిగుతుంది, ఆ పొరంతా సగం కుళ్ళిన ఆకులు, వేళ్ళు, నాచు. చల్లగా, నీళ్ళోడుతూ ఉండే చోట సూక్ష్మజీవులు నెమ్మదిగా పనిచేస్తాయి. ఎత్తుకు పోయే కొద్దీ చెదలు కూడా తగ్గిపోతాయి. చెట్లలో ఉండే కార్బన్ తగ్గుతూ పోతుంటే నేలలో ఉండేది పెరుగుతూ వస్తుంది.

ఇక రాబడి సంగతి. అమెజాన్ పల్లపు అడవి ఏడాదికి హెక్టారుకు సుమారు 30 నుంచి 40 టన్నుల కార్బన్‌ను కిరణజన్య సంయోగక్రియతో లోపలికి తీసుకుంటుంది. ఈ అంకె వినగానే అందరూ సంతోషపడతారు. అయితే అందులో దాదాపు మూడింట రెండొంతులు చెట్లు తమ శ్వాసకే ఖర్చు పెట్టుకుంటాయి. మిగిలిన దానిలో ఆకులకు పోయేది పోగా, సన్నటి వేళ్ళకు పోయేది పోగా, కాండంలో కలపగా చేరేది రెండు మూడు టన్నులే. ఉదాహరణకు నిలబడి ఉన్న కలపలో 150 టన్నులు ఉండి, ఏటా మూడు టన్నులు చేరుతూ, అంతే చచ్చిపోతూ ఉంటే, ఒక కార్బన్ పరమాణువు కాండంలో సగటున 50 ఏళ్ళు ఉంటుంది. ఆకులో చేరిన పరమాణువు అక్కడ ఉండేది ఏడాదో రెండేళ్ళో. తీసుకున్న 40 టన్నుల్ని చూసి "అడవి ఇంత దాచింది" అనడం, జీతం చూసి పొదుపు అనుకోవడం లాంటిది.

పైకి వెళితే రాబడి ఎందుకు తగ్గుతుందన్న మాట మీద చాలాకాలం వాదనలు నడిచాయి. చలికి చెట్టు తిండి తయారు చేసుకోలేకపోతోందా, తయారు చేసుకున్నది వేరేలా ఖర్చు పెడుతోందా? పెరూలో, ఆండీస్ పర్వతాల నుంచి అమెజాన్‌లోకి దిగే కొస్నిపాతా లోయలో అడవుల పరిశోధకుడు యద్వీందర్ మల్హీ, ఆయనతో పనిచేసేవాళ్ళు కింది నుంచి పై దాకా వరుసగా ప్లాట్లు పెట్టి అన్నీ కొలిచారు: ఆకులు, కాండాలు, వేళ్ళు, నేల శ్వాస (నేల వదిలే కార్బన్ డయాక్సైడ్). తేలిందేమిటంటే, ఖర్చు పెట్టే నిష్పత్తి పెద్దగా మారలేదు. రాబడే తగ్గింది, అదీ మబ్బులు కమ్ముకునే ఎత్తుకు చేరగానే గట్టిగా తగ్గింది. చలితో పాటు వెలుతురు కూడా తక్కువ. పోషకాల సమస్య కూడా వేరు: కింది పాత నేలల్లో భాస్వరానికి కరువు, పైన ఆకు నెమ్మదిగా కుళ్ళుతుంది కాబట్టి నత్రజనికి కరువు.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చెట్టు లావు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కొలుస్తాం. పై ప్లాటులో కాండాలన్నీ నాచు కప్పుకుని ఉంటాయి. మొదటి ఏడు కొలిచినప్పుడు కొన్ని చెట్లకు నాచు గీకకుండానే టేపు చుట్టాను. మరుసటి ఏడు శుభ్రంగా గీకి కొలిస్తే, ఆ చెట్లన్నీ చిక్కిపోయినట్టు లెక్క వచ్చింది. అక్కడ కాండం ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లే లావెక్కుతుంది, నాచు మందం దానికి ఎన్నో రెట్లు. ఆ ఏడాది ఆ చెట్ల అంకెలన్నీ కొట్టేయాల్సి వచ్చింది. చాలా బాధపడ్డాను. అప్పటి నుంచి ముందు మెత్తటి బ్రష్, తర్వాతే టేపు.

కొండ అడవి అంటే పొట్టి చెట్లు, తక్కువ కార్బన్ అని నేను కూడా అనుకునేదాన్ని. 2021లో నేచర్ పత్రికలో ఆఫ్రికా కొండ అడవుల మీద ఒక పరిశోధన వచ్చింది. 12 దేశాల్లోని ప్లాట్ల లెక్కలు కలిపితే, నేల పైన ఉన్న చెట్లలోనే హెక్టారుకు సగటున 149 టన్నుల కార్బన్ తేలింది. దేశాలు తమ లెక్కల్లో వాడుకునే ప్రామాణిక అంకె కన్నా ఇది చాలా ఎక్కువ. అక్కడ కొండల మీద కూడా భారీ చెట్లున్నాయి. అంటే ఆండీస్‌లో చూసింది చూసి మిగతా ఖండాలకు అంటగట్టకూడదు. ఈ సంగతి చదివాక నేను రాసుకున్న నోట్సులో "కొండ అడవులు" అన్న ప్రతిచోటా "ఎక్కడి కొండ?" అని పక్కన రాసుకున్నాను.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది వేడి. పనామాలోని బారో కొలరాడో దీవిలో, అడవి మధ్య నేలను 4 డిగ్రీలు ఎక్కువ వేడి చేసి రెండేళ్ళు ఉంచారు. నేల నుంచి బయటికొచ్చే కార్బన్ డయాక్సైడ్ 55 శాతం పెరిగింది. అది పల్లపు అడవి, అక్కడి నేలలో కుళ్ళకుండా పేరుకున్నది తక్కువ. మోచేయి దాకా దిగే పై ప్లాటు పొర వేడెక్కితే ఏమవుతుందోనని, దాని మీద అడుగు వేసిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది. అది కరిగితే మళ్ళీ పేరుకోవడానికి ఎన్ని తరాల ఆకులు రాలాలో!

చెట్లు ఊరుకోవడం లేదు. కొస్నిపాతాలో చెట్ల జాతులు ఏడాదికి సగటున రెండున్నర నుంచి మూడున్నర మీటర్ల చొప్పున పైకి జరుగుతున్నాయని 2011లో లెక్కగట్టారు. పైన ఉన్న చెట్లలో కింది జాతులు పెరుగుతున్నాయన్నమాట. కానీ వేడి పెరుగుతున్న వేగానికి అది దాదాపు సగమే. పైగా అడవి అంచు దాటాక గడ్డి నేలలు, అక్కడ మేత, మంటలు.

మా పై ప్లాటులో ఇంకా ఎనిమిది వల సంచులున్నాయి. మూడేళ్ళవి. వచ్చే నెల వాటిలో నాలుగు తీయాలి, మిగతా నాలుగు ఐదో ఏడు దాకా అక్కడే ఉంటాయి. కవర్ల మీద నంబర్లు రాసి పెట్టుకున్నాను, బ్రష్ కూడా సంచిలో వేసుకున్నాను.