పొగమంచు పుణ్యమా అని కాల్నాలో ఒక రోజు

హుగ్లీ నది మీద చిన్న షిప్‌లో వారం రోజుల క్రూజ్ అంటే పేరు గొప్పగానే ఉంటుంది గానీ, రోజూ పొద్దున్నే లేపి, టిఫిన్ పెట్టి, ఒడ్డుకి దింపి, గంటన్నరలో ఓ గుడీ ఓ పాత బంగళా చూపించి మళ్లీ ఎక్కించేస్తారు. మూడో రోజుకే అమ్మ "ఇదేంట్రా, కార్తీక మాసంలో పంచారామాల బస్సెక్కినట్టుంది" అనేసింది.

నాలుగో రోజు పశ్చిమ బెంగాల్‌లోని కాల్నా అనే ఊరి దగ్గర పొగమంచు కమ్మేసింది. జనవరి కదా, డెక్ మీద నిలబడితే రైలింగ్ తప్ప నది కనిపించలేదు. అది విడిపోయేసరికి పదిన్నర అయింది, తర్వాతి ఊరు రద్దు, సాయంత్రం ఐదులోపు ఘాట్‌కి వచ్చేయండి, ఈలోగా మీ ఇష్టం అన్నారు. డబ్బు కట్టిన ప్రోగ్రాం పోయిందని కొందరు గొడవ పెట్టుకున్నారు. మేం మాత్రం చెప్పులేసుకుని నాటు పడవెక్కి దిగిపోయాం.

అక్కడ బ్యాటరీ ఆటోని టోటో అంటారు. అది ఎక్కి నూట ఎనిమిది శివాలయాలకి వెళ్లాం. బర్ధమాన్ రాజు తేజ్‌చంద్ర 1809లో కట్టించాడు, రెండు వలయాలు, బయట 74, లోపల 34. బయటి వలయంలో ఒక లింగం నలుపైతే పక్కది తెలుపు, లోపలివన్నీ తెలుపే. అమ్మ ప్రతి గుమ్మం దగ్గరా ఆగి దణ్ణం పెట్టుకుంటూ లెక్కపెట్టి 106 దగ్గర ఆగింది, "రెండు ఏమయ్యాయిరా" అంటుంది. మళ్లీ మొదలుపెట్టబోతే నేనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేశాను.

ఎదురుగానే రాజ్‌బారి, అంటే రాజుగారి భవనాల ఆవరణ. అందులో 1849 నాటి ప్రతాపేశ్వర ఆలయం చిన్నదే, కానీ గోడల నిండా టెర్రకోట బొమ్మలు, రామరావణ యుద్ధం దగ్గరే అరగంట గడిచిపోయింది. దీని వెనక కథ ఇంకా బాగుంటుంది. తేజ్‌చంద్ర కొడుకు ప్రతాప్‌చంద్ ఈ ఊళ్లోనే పోయాడన్నారు, పద్నాలుగేళ్లకో ఏమో ఒక సన్యాసి వచ్చి నేనే ఆ ప్రతాప్‌చంద్‌ని అన్నాడు, కేసు కోర్టుకెక్కింది, కోర్టు వాణ్ణి నకిలీ అని తేల్చింది. రాకుమారుడి భార్య ఆయన పేరు మీద కట్టించిన గుడి ఇది. "ఆవిడకి తెలీదూ ఎవరో?" అంది అమ్మ. నా దగ్గర జవాబు లేదు.

తర్వాత బెంగాల్ కృష్ణభక్తుడు చైతన్య మహాప్రభువు గుడికి వెళ్లాం, అక్కడి చింతచెట్టు కింద ఆయన కూర్చున్నాడని చెబుతారు. అమ్మది కొవ్వూరు. 1510 ప్రాంతంలో ఆయన దక్షిణానికి వచ్చినప్పుడు గోదావరి ఒడ్డున అప్పటి రాజమండ్రి పాలకుడు రామానంద రాయలుని కలిశాడని అక్కడ గోష్పాద రేవులో చిన్నప్పట్నుంచీ వింది. "మన ఊరొచ్చినాయనేరా!" అని పూజారికి తెలుగులోనే చెప్పేసింది, ఆయన బెంగాలీలో ఏదో అన్నాడు, ఇద్దరూ తృప్తిగా తలలూపుకున్నారు.

ఇక తిండి. ఈ ఊళ్లో మాఖా సందేశ్ అని, అచ్చులో పొయ్యకుండా మెత్తగా కలిపి ఆకులో పెట్టిచ్చే స్వీటు, చలికాలంలో కొత్త ఈతబెల్లంతో చేస్తారు. మనం కల్లు గీసే ఈత చెట్టే, వీళ్లు ఆ నీరాని కాచి బెల్లం చేస్తారు! షిప్‌లో వడ్డించే పుడ్డింగులన్నీ కలిపినా దీని కాలిగోటికి సరిపోవు. పావుకిలో అడిగి అరకిలో తిన్నాం.

మధ్యాహ్నం అసలేం చెయ్యలేదు. అవతలి ఒడ్డు శాంతిపూర్ వైపు, అటు నుంచి ఫెర్రీలు వస్తున్నాయి, సైకిళ్లూ మేకలూ చీరల మూటలూ దిగుతున్నాయి, మెట్ల మీద కూర్చుని చూశాం. అమ్మ ఒక నేత చీర కొంది, బేరం తెలుగులో. ఇంత చేసీ, ఈ ఊరికి క్రూజ్ అక్కర్లేదు, హౌరా నుంచి కట్వా లైన్లో లోకల్ రైలెక్కితే రెండు గంటల్లో దిగొచ్చు. ఆ మాట అక్కడ తెలిసేసరికి కాస్త కడుపు మండింది.

నాలుగున్నరకి మట్టి ముంతల్లో టీ తాగాం. అందరూ తాగి విసిరేస్తుంటే అమ్మ మావి రెండూ, పక్క బల్ల మీదవి మూడూ కడిగి సంచిలో వేసుకుంది, కార్తీకంలో దీపాలు పెట్టుకోవచ్చట. ఇంటికొచ్చేసరికి మూడు పగిలాయి. మిగిలిన రెండింట్లో ఒకదాన్లో ప్రస్తుతం ఆవాలున్నాయి.